సుగ్గికి పోయే ఇండ్లు, అవ్వల దగ్గర పిల్లోళ్లు: కేసు దాకా పోకముందే ఏం సాయం అందించొచ్చు?

కోసిగి_రోడ్డు (ఆదోని వైపు)

అందరికీ నమస్తే. పొదుపు సంఘాల తరఫున అడుగుతాండా. దీపావళి దాటితే మా వైపు ఊర్లు సగం ఖాళీ. పత్తి తీయనీకి, మిరపకాయ కోయనీకి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలస, పోతారు. కొందరు పిల్లోళ్లను ఎంట పెట్టుకొని పోతారు, కొందరు అవ్వ దగ్గర ఇడిచిపెడతారు. ముగ్గురు నలుగురు పిల్లోళ్లను చూసే ఓపిక అవ్వకు ఉండదు, కట్టె తీస్తాది. అమ్మానాయన తిరిగొచ్చినాక అప్పు, తాగుడు. ఆ కోపమంతా పిల్లోళ్ల ఈపు మీదే.

గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాయడం అందరూ చేస్తాండారు. దానికంటే ముందు తల్లిదండ్రులకు చేతికందే సాయం ఏముంది? ఎవరి కాడికి పోవల్ల, ఏ కాగితాలు కావల్ల, యాడ తప్పిపోతాది? ఫోన్ చేస్తే పిల్లోళ్లను ఎత్తుకపోయి హోమ్‌లో ఏస్తారని జనం భయపడతాండారు, అది నిజమేనా? సంఘం మీటింగులో ఈ మాట ఎత్తితే "మా ఇంటి సంగతి మీకెందుకు" అంటారు. ఎట్ల మొదలుపెట్టల్ల?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అక్కా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. అది పోకపోతే మిగతా సాయం ఏదీ వాళ్ల గడప తొక్కదు.

పిల్లల్ని ఇంటి నుంచి వేరు చేసి హోమ్‌లో ఉంచాలని తేల్చే అధికారం ఫోన్ ఎత్తేవాళ్లకు లేదు, అంగన్‌వాడీ టీచరుకూ లేదు. అది బాలల సంక్షేమ సమితి పని. ఆఫీసుల్లో సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, ఆపదలో ఉన్న పిల్లను ఎవరు తీసుకొచ్చినా ప్రయాణం పోను 24 గంటల్లో ఆ సమితి ముందు పెట్టాలి. సమితి సమావేశం లేని రోజైతే ఒక్క సభ్యుడి ముందు పెట్టినా చెల్లుతుంది. ఆపైన సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి విచారించి 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. 4 నెలల్లో తుది ఉత్తర్వు రావాలి. పిల్లకు మొదటి చోటు సొంత ఇల్లే, హోమ్ ఆఖరి దారి అని చట్టంలోనే ఉంది. ఇల్లు నిజంగా ప్రమాదకరమైతే తప్ప తీసేయరు.

తేడా కొట్టేది ఆ ఇంటి విచారణ దగ్గరే. అధికారులు వచ్చారనగానే అవ్వ భయపడి తలుపేసుకుంటుంది, లేదా "పిల్లలు ఊర్లో లేరు" అంటుంది. నివేదికలో "సంరక్షకులు సహకరించలేదు" అని పడుతుంది. అదే అవ్వ "నాకు చాతకావడం లేదు, ఇద్దరికి హాస్టల్ ఇప్పించండి" అని నోరు తెరిచి చెబితే సాయం అడిగిన ఇల్లుగా రాసుకుంటారు. ఈ ఒక్క ముక్క సంఘంలో అందరికీ అర్థమయ్యేలా చెప్పండి.

ఇక సుగ్గి. మీ దగ్గర దెబ్బల్లో చాలా భాగం అవ్వ మీద పడిన బరువు వల్లే కాబట్టి బరువు దించే మందు ముందు చూడండి. సమగ్ర శిక్ష కింద వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టల్ ఉంటుంది. అమ్మానాన్న తిరిగొచ్చే దాకా పిల్లలు ఊరి బడి దగ్గరే తిని, పడుకుని, చదువుకుంటారు. జనం బస్సెక్కాక అడిగితే ఆ ఏడాదికి అయిపోయినట్టే. దసరా లోపలే సంఘం ఇంటింటికీ తిరిగి జాబితా రాయాలి: పిల్ల పేరు, తరగతి, ఆధార్, తల్లిదండ్రులు పోయే ఊరు, పోయే నెల, వచ్చే నెల, ఇక్కడ చూసుకునే మనిషి ఫోన్. దాన్ని స్కూల్ యాజమాన్య కమిటీ తీర్మానంతో హెడ్మాస్టర్ దగ్గర ఇచ్చి, ఒక కాపీ మండల విద్యాధికారి (ఎంఈఓ)కి ఇచ్చి, రెండింటి మీదా అందినట్టు సంతకం తీసుకోండి. నోటి మాటగా "యాభై మంది ఉన్నారు సార్" అంటే ఫైలు కదలదు.

పిల్లల్ని వెంట తీసుకుపోయేవాళ్లకు రెండు మాటలు. అక్కడి ప్రభుత్వ బడి "టీసీ లేదు, వయసు కాగితం లేదు" అని చేర్చుకోనంటే 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఆరేళ్లలోపు పిల్లల్ని, గర్భిణులను ఇక్కడి అంగన్‌వాడీ టీచరు పోషణ్ ట్రాకర్‌లో మైగ్రేషన్ కింద అక్కడికి మార్చొచ్చు. పోయే ముందు ఆమెకు చెప్పి పోవాలి, అంతే. చెప్పకుండా పోతే అక్కడి టీచరుకు పేరు కనిపించదు, గుడ్డు, పాలు ఆగిపోతాయి.

1098 గురించి: 24 గంటలూ ఉచితం. 2023 నుంచి ఇది మహిళా శిశు సంక్షేమ శాఖ చేతికి వచ్చి, అత్యవసర నంబరు 112తో ముడిపడింది. జిల్లాలో కదిలేది జిల్లా బాలల సంరక్షణ విభాగం, డీసీపీయూ అంటారు. ఫోన్ చేసేటప్పుడు "మా ఊర్లో ఒక పాపను కొడుతున్నారు" అని ఆపేయొద్దు. మండలం, ఊరు, ఇంటికి గుర్తు, పిల్ల వయసు, మీరు కళ్లారా చూసింది ఏమిటి, విన్నది ఏమిటి, ఎప్పుడు, ఇప్పుడు ఈ క్షణం ప్రమాదం ఉందా, ఈ వరసలో చెప్పండి. చూసింది, విన్నది వేరువేరుగా చెప్పడం చాలా ముఖ్యం. మీ పేరు బయటపెట్టొద్దని అడగండి.

అనంత_పిల్లలవార్డు (అనంతపురం)

పైన చెప్పినవి కొంచెం పెద్ద పిల్లలకు. నేను ఆరేళ్ల లోపు సంగతి చెప్తాను, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

చంటిబిడ్డ ఏడుపు రెండో వారంలో మొదలై, ఆరు వారాలప్పుడు బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. పాలు పట్టినా, గుడ్డ మార్చినా ఆగని ఏడుపు ఈ వయసులో మామూలే. "దిష్టి", "తల్లి పాలు చాలవు" అనుకుని ఇంటిల్లిపాదీ ఆ తల్లిని సాధిస్తారు. ఆ విసుగులో బిడ్డను పట్టుకుని ఊపేయడం, కుదిపేయడం జరుగుతుంది. పైకి ఒక్క గాయం కనపడకుండానే మెదడులో రక్తం చిమ్మి చూపు పోవచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. ఉయ్యాలలో ఊపడం వేరు, ఇది వేరు, దానికి భయపడొద్దు. తల్లికి చెప్పాల్సింది: ఇక నా వల్ల కాదు అనిపించినప్పుడు బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, పది నిమిషాలు బయట కూర్చో. ఏడ్చినందుకు బిడ్డకు ఏమీ కాదు. పక్కింటి ఆమెను ఒక గంట ఎత్తుకోమని అడుగు. సంఘం చేయగల పని ఇదే. ఆ ఏడుపు తగ్గేదాకా వంతులు వేసుకుని రోజుకు గంట బిడ్డను ఎత్తుకుంటే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు, ఏ ఆఫీసూ అక్కర్లేదు.

ఆసుపత్రి కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు. ఈ తేదీలు తల్లికి తెలిస్తే "ఈసారి రాలేదే" అని అడుగుతుంది. ఆశా బిడ్డ బరువుతో పాటు తల్లిని కూడా చూడాలి: రెండు వారాలకు పైగా దిగులు, బిడ్డ ఏడ్చినా కదలకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం. "బాలింత కదా, అట్లే ఉంటాది" అని వదిలేయొద్దు. మానసిక సాయానికి ఫోన్ నంబరు 14416 టెలి మానస్, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. చచ్చిపోవాలనో, బిడ్డను ఏమన్నా చేయాలనో ఆలోచన వస్తోందని చెబితే ఫోన్‌తో ఆపకుండా అదే రోజు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకుపోవాలి, ఒంటరిగా వదలకూడదు.

దెబ్బలు ఎట్లా గుర్తుపట్టాలి? నడిచే పిల్లకు మోకాళ్లు, మోచేతులు, నుదురు కమలడం మామూలు. చెవి, మెడ, పొట్ట, ఈపు మీద నల్లగా కమిలి ఉంటే అనుమానించాలి. నాలుగు నెలల లోపు బిడ్డకు ఎక్కడ కమిలినా సరే, చిన్నదైనా సరే, ఆసుపత్రికి పోవాల్సిందే. ఇంకా బోర్లా పడని బిడ్డ తనంతట తాను దెబ్బ తగిలించుకోలేదు. అయితే ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది: మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలం మచ్చలు ఉంటాయి. అవి నొప్పి పెట్టవు, వారంలో రంగు మారవు. దెబ్బ అయితే రంగు మారి పోతుంది. అది తెలియక తల్లిని దొంగను చేయొద్దు.

కామెర్లకు, పొట్ట ఉబ్బరానికి వాత పెట్టించడం ఇంకా పోలేదు. కొట్టాలని చేసిన పని కాకపోయినా ఆ బిడ్డకు అది కాలిన గాయమే, చీము పడితే ప్రాణాంతకం. ఊర్లో నెలనెలా జరిగే ఆరోగ్య పోషకాహార దినం (వీహెచ్‌ఎన్‌డీ) రోజున ఏఎన్‌ఎమ్ చేత ఈ ఒక్కటీ ప్రతి నెలా చెప్పించండి. పుట్టిన 24 గంటల లోపు పచ్చబడినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా ఆసుపత్రి తప్ప వేరే దారి లేదు.

మాటలు రాని పిల్ల, పిలిస్తే పలకని పిల్ల, ఒక చోట కూర్చోని పిల్ల ఎక్కువ దెబ్బలు తింటారు. "మొండి" అని కొడతారు. అంగన్‌వాడీకి, బడికి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చినప్పుడు పేరు రాయించి, పెద్దాసుపత్రిలో ఎదుగుదల లోపాలు చూసే డైస్ కేంద్రానికి పంపించమని అడగండి. బడి వయసైతే మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం. పక్క తడిపే పిల్లను కొట్టడం కూడా మానిపించాలి. ఐదేళ్ల దాకా రాత్రి తడపడం రోగం కాదు, దెబ్బలతో ఇంకా ఎక్కువవుతుంది.

గుత్తి_కోట

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాలుగు దెబ్బలు తగలకుండా పిల్లలు చెప్పిన మాట వింటారా? మరీ ఇంత సున్నితమైతే ఎట్లా?

అనంత_పిల్లలవార్డు

బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో ప్రతి దెబ్బకూ ఎవరూ కేసు పెట్టరు, ఇక్కడ ఎవరూ అలా అడగలేదు కూడా. కానీ లెక్క చూడండి: ఈ రోజు పనిచేసిన ఒక దెబ్బ వచ్చే నెలకు పనిచేయదు, రెండు కొట్టాలి. ఆ మెట్లు ఎక్కడ ఆగాలో తాగి ఉన్న మనిషికి తెలియదు. బదులుగా పనిచేసేవి చిన్నవి: ఒక్కసారికి ఒక్క పనే చెప్పడం, దూరం నుంచి అరవకుండా దగ్గరికి పోయి చెప్పడం, చేసిన వెంటనే "భలే చేసినావు" అనడం, చేయకపోతే ఆట పది నిమిషాలు ఆపడం. బెదిరించి చేయకపోవడం అన్నిటికంటే చెడ్డది. "హాస్టల్లో వేస్తా" అని రోజూ అంటే రెండో వారానికి ఆ మాటకు విలువ ఉండదు.

పాలకొండ_నీడ (కడప)

మా వైపు సుగ్గి లేదు, కువైట్ ఉంది. తల్లి మూడేండ్లు ఆడ, పిల్లోళ్లు ఈడ జేజి దగ్గర. కథ ఒకటే కాబట్టి డబ్బు సంగతి నేను చెప్తా.

మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్: పిల్లకు నెలకు 4000 రూపాయలు, 18 ఏండ్లు నిండేదాకా. భర్త పోయిన తల్లి, భర్త ఇడిచిపెట్టిన తల్లి, విడాకులైన తల్లి, అమ్మానాయన ఇద్దరూ లేక బంధువుల దగ్గర ఉండే పిల్లోళ్లు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతోనో, ప్రమాదం వల్లనో పిల్లోళ్లను చూసుకోలేని ఇండ్లు, ఇట్లాంటి వాళ్లకు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. సుగ్గికి పోయినంత మాత్రాన రాదు, అది ముందే చెప్పండి, లేకుంటే ఊరంతా అప్లికేషన్లు రాసి తర్వాత మిమ్మల్నే తిడతారు.

కాగితాలు: పిల్ల ఆధార్, పుట్టిన తేదీ కాగితం, స్టడీ సర్టిఫికెట్, చూసుకునే మనిషి ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ, చనిపోయినోళ్ల మరణ ధ్రువీకరణ, పిల్లా సంరక్షకురాలూ కలిపి తెరిచిన బ్యాంకు ఖాతా. డీసీపీయూలో ఇచ్చి రసీదు తీసుకోవాల.

మూడు చోట్ల ఆగిపోతాది. ఒకటి, ఆదాయ ధ్రువీకరణలో సచివాలయం వాళ్లు అందరికీ ఒకే అంకె ఏసేస్తారు, అది 72,000 దాటితే ఆడికే అయిపోయింది, చేతికొచ్చినప్పుడే చదువుకోండి. రెండు, ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు. మూడు, మరణ ధ్రువీకరణ లేకపోవడం. పల్లెలో చనిపోతే చాలామంది నమోదు చేయరు. 21 రోజుల్లో చేస్తే ఉచితం, ఏడాది దాటితే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాల. కాబట్టి ఊర్లో ఎవరన్నా పోతే కర్మ అయిపోకముందే సచివాలయంలో రాయించే పని సంఘం నెత్తికి ఎత్తుకోవచ్చు. వచ్చాక కూడా ఒకటో తేదీకి పడతాదని అప్పులు చేయొద్దు. పిల్ల బడి మానేస్తే సాయం ఆగిపోతాది.

తల్లి దేశం దాటి పోతాంటే పోకముందే చేయాల్సినవి: పంపే డబ్బు తాగే మొగుడి ఖాతాకు పోకుండా పిల్లోళ్లను చూసుకునే ఆమె ఖాతాకే. బడిలో, ఆసుపత్రిలో సంతకం పెట్టే హక్కు ఎవరిదో తెల్లకాగితం మీద రాసి హెడ్మాస్టర్‌కు ఒక కాపీ. వారానికి రెండుసార్లు ఒకే టైముకు వీడియో కాల్, అందులో పిల్లతో ఒంటిగా ఐదు నిమిషాలు మాట్లాడాల, పక్కన ఎవరూ లేకుండా. ఆడపిల్ల పెద్దమనిషి అయితే కేజీబీవీ (ఆడపిల్లల కస్తూర్బా హాస్టల్ బడి) సీటు కోసం ముందు చూడండి. "చిన్నాయన ఇంట్లో ఉంటాదిలే" అని వదిలి పోవడం మా వైపు జరిగే అతి పెద్ద తప్పు.

పెన్నహోబిలం

మీటింగు సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తాను.

"పిల్లలపై హింస నివారణ సమావేశం" అని పేరు పెడితే ఒక్కరూ రారు. వచ్చినోళ్లు దోషుల్లా కూర్చుంటారు. "పిల్లోళ్లు తిండి తినడం లేదా, ఫోన్ వదలడం లేదా" అని పిలవండి, వస్తారు. 10 నుంచి 12 మంది, పదహైదు రోజులకొకసారి, 45 నిమిషాలు. 20 మంది దాటితే ఉపన్యాసం అయిపోతుంది. అంగన్‌వాడీ మూసినాక ఆ గదే వాడుకోండి, పిల్లల్ని చూసుకోను ఒకరిని బయట పెట్టండి, లేకుంటే తల్లులు లోపల, ధ్యాస బయట. పొదుపు కట్టే రోజున మాత్రం పెట్టొద్దు. అప్పు కంతు కట్టలేనామె ఆ రోజు మొహం చాటేస్తుంది, మనకు కావాల్సింది ఆమే.

నియమం ఒక్కటే: ఇంకొకరి ఇంటి పేరు ఎత్తకూడదు. హాజరు పట్టీ ఉండొచ్చు గానీ ఎవరేం చెప్పారో రాయకూడదు. వాట్సాప్ గ్రూపు పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

మొగోళ్లు రారు. పది గ్రూపుల్లో తొమ్మిది దగ్గర ఇదే ఫిర్యాదు. రమ్మని పిలవడం మానేసి సాయంత్రం టీ అంగడి కాడికే మనిషి పోవాలి, అదీ మొగమనిషి, ఊర్లో మాట చెల్లేవాడు. తాగుడు మానాలనుకునేవాడికి 14446 ఉంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రమాదమని చెప్పండి. ఆసుపత్రి ద్వారానే మానాలి. భార్యనూ కొడుతుంటే 181. జిల్లా సఖి కేంద్రంలో తల్లితో పాటు పిల్లలకూ చోటిస్తారు. లాయరు కావాలంటే 15100, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. ఇన్ని నంబర్లు గోడకెక్కిస్తే ఎవరూ చదవరు. గోడ మీద 1098, 112 చాలు, మిగతావి మీ పుస్తకంలో ఉండనీ.

కోసిగి_రోడ్డు

అందరికీ శానా థ్యాంక్స్. ఇంగొకటే. కొట్టడం కాదు, ఆ రెండో రకం అనుమానం వస్తే? మా వైపు "ఆడపిల్ల బతుకు, పెద్దమనుషుల్లో పెట్టి సర్దేద్దాం" అంటారు. దండుగ కట్టించి ముగిస్తారు. సంఘం మధ్యలో ఇరుక్కుంటాది.

హంద్రీ_ఒడ్డు

అక్కా, పైన చెప్పిన ఓపిక, సర్దుబాటు ఇక్కడ పనికిరావు. పంచాయితీలో కూర్చోవద్దు, కూర్చుంటే మీరూ చిక్కుకుంటారు. పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద, తర్వాత అది రుజువు కాకపోయినా, కేసు ఉండదు. రుజువు చేసే పని మీది కాదు, అనుమానం చాలు. పిల్ల అంటే 18 ఏళ్ల లోపు ఎవరైనా, మగపిల్లలు కూడా.

పిల్ల నోరు విప్పితే మధ్యలో ఆపొద్దు, పదే పదే అడగొద్దు. "ఆ తర్వాత?" వరకే అడగండి, పేర్లు మీరు అందించొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. పిల్ల వాడిన మాటలే, బూతైనా సరే, తేదీ టైముతో రాసిపెట్టండి.

జరిగి మూడు నాలుగు రోజుల లోపైతే స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు. విడిచిన బట్టలు కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో చెమ్మకు ఆధారం చెడిపోతుంది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులకు 72 గంటలే గడువు, గర్భం రాకుండా ఇచ్చే మందు కూడా 72 గంటల లోపే బాగా పనిచేస్తుంది, ఐదు రోజుల దాకా ఇవ్వొచ్చు, ఎంత తొందరగా పోతే అంత మేలు. ఎఫ్‌ఐఆర్ కాకపోయినా వైద్యం చేయాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే, ప్రథమ చికిత్స డబ్బు అడక్కుండా చేయాల్సిందే. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి.

ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, "మా పరిధి కాదు" అనకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి, పోలీసు దుస్తులు లేకుండా. రాత్రి పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లో సీడబ్ల్యూసీకి తెలపాలి. అక్కడ సపోర్ట్ పర్సన్‌ను అడగండి. కేసు నడిచినన్నాళ్లూ కోర్టుకు, ఆసుపత్రికి వెంట వచ్చే మనిషి ఉంటాడని ఎక్కువ మందికి తెలియదు, అడక్కపోతే ఇవ్వడం మరిచిపోతారు. ఇంటి మనిషే నిందితుడైతే ఆ రాత్రి పిల్ల ఎక్కడ పడుకుంటుందో ముందు తేల్చమని సమితిని అడగండి. అమ్మమ్మ వైపు నమ్మకమైన ఇల్లుంటే ఆ పేరు, ఫోన్ నంబరు మీ దగ్గర రెడీగా ఉండాలి.

పిల్ల పేరు, ఊరు, బడి, ఫొటో ఏ గ్రూపులోనూ పోకూడదు. న్యాయం చేయండి అని పెట్టినా నేరమే. ఊర్లో ఎవరో ఒకరు పెట్టేస్తారు, ఆ రోజే డిలీట్ చేయించండి.

కోసిగి_రోడ్డు

సరే అన్నా. దసరా లోపల సీజనల్ హాస్టల్ జాబితాతో మొదలుపెడతాం. హెడ్మాస్టర్‌కు ఇచ్చే తీర్మానం నమూనా ఎవరి దగ్గరన్నా ఉంటే ఈడ పెట్టండి.